తుమ్మలబయలు సఫారీ వివాదం: మూలాలు బేస్‌క్యాంపుల్లో

పులుల అభయారణ్యాల నడిబొడ్డున ఉండే కోర్ ప్రాంతాల్లో టైగర్ సఫారీలు కూడదని 2025 నవంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఉమ్మడి ప్రకాశం జిల్లా దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో తుమ్మలబయలులో పర్యాటకులను అడవిలో తిప్పే సఫారీ జీపుల సంగతేమిటి? వాటినీ ఆపాలా అన్నదే ఇప్పటి వాదన.

ఆ కేసు ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యానికి సంబంధించినది. గాయపడిన, మనుషులతో ఘర్షణ పడిన పులులను కంచె లోపల ఉంచి చూపే సఫారీల గురించి కోర్టు ఆ మాట అన్నది. తుమ్మలబయలులో కంచె లేదు, బంధించిన పులీ లేదు. అడవి బాటన జీపు వెళ్తుంది. దుప్పులు కనిపిస్తాయి, పులి చాలా అరుదు. అయితే రాత్రి పర్యాటకం వద్దని, కోర్ పర్యాటక జోన్లలో సెల్‌ఫోన్లు వాడరాదని కూడా అదే తీర్పు చెప్పింది. కాబట్టి దీన్ని మనకు పట్టనిదిగా వదిలేయలేం.

తుమ్మలబయలు ఉన్న నాగార్జునసాగర్–శ్రీశైలం 1983లో పులుల అభయారణ్యమైన కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు చాలా తరువాత వచ్చింది. నక్సలైట్ల పట్టు ఉన్నంతకాలం అటవీ సిబ్బంది నల్లమల లోపలికి వెళ్లలేకపోయారు. ఆ పట్టు సడలాక వెళ్దామంటే, దారులు తెలిసినవారు ఆ అడవిలో ఉండే గిరిజనులైన చెంచులే. అటవీశాఖ పెంటల్లోని (చెంచుల గూడేల్లోని) యువకులను ప్రొటెక్షన్ వాచర్లుగా తీసుకుని, అడవి లోపలి కాపలా శిబిరాలైన బేస్‌క్యాంపుల్లో పెట్టింది.

ఆ పని ఏమిటో తెలిస్తే తప్ప నేటి వాదన అర్థం కాదు. కాలినడకన గస్తీ తిరగాలి. వేటగాళ్ల ఉచ్చులు వెతికి తీయాలి. వేసవిలో జంతువులు తాగేందుకు సాసర్ గుంటల్లో (పళ్లెం ఆకారపు తొట్టెల్లో) నీళ్లు నింపాలి. పులుల లెక్క వచ్చినప్పుడు బాటకు అటొకటి, ఇటొకటి మోకాలి ఎత్తున చెట్లకు కెమెరాలు కట్టాలి. పులికి కుడి పక్క చారలు ఎడమ పక్క చారల్లా ఉండవు. రెండు వైపులా ఫొటో పడితేనే అది ఏ పులో తేలుతుంది. 2022 జాతీయ గణనలో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులున్నాయని చెప్పగలిగారంటే ఈ నడకే కారణం. సఫారీ జీపులో చెంచు గైడు కూర్చోవడం దీని కొనసాగింపే. దుప్పి బెదిరి అరిచిందంటే ఏ పొద వైపు చూడాలో అతనికి తెలుసు.

చట్టం మాత్రం చెంచులతో రెండు రకాలుగా వ్యవహరించింది. కోర్‌ను నిర్జనంగా ఉంచాలన్న వన్యప్రాణి సంరక్షణ చట్టపు 2006 సవరణే గిరిజనుల హక్కులకు భంగం కలగరాదని కూడా అన్నది. ఆచరణలో మొదటి మాటే గట్టిగా వినిపించింది. అడవి వదిలే కుటుంబానికి మొదట 10 లక్షలు, తరువాత 15 లక్షల ప్యాకేజీ పెట్టారు. 2012 జులైలో సుప్రీంకోర్టు కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని ఆపింది. అక్టోబరులో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చాక ఆ నిషేధం తొలగింది. కోర్‌లో 20 శాతానికి మించి పర్యాటకం ఉండరాదని, దాని మేలు స్థానికులకు దక్కాలని అవి చెప్పాయి. చెంచు గైడ్ల హక్కుకు అప్పుడే ఒక ఆధారం దొరికింది.

జీపుల రొద వన్యప్రాణులకు ఇబ్బందేనన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. వానాకాలంలో సఫారీ ఆపడం అందుకే. కానీ అదే అడవిని చీల్చుకుంటూ పోయే శ్రీశైలం రోడ్డుకు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకే విరామం. మిగతా వేళల్లో బస్సులు, కార్లు సాగుతూనే ఉంటాయి. వాటి ముందు ఈ జీపులెన్ని? ఇక డబ్బు కట్టినా పులి కనిపించలేదనే సందర్శకుల ఫిర్యాదుకు అధికారులు తలొగ్గకూడదు. రాజస్థాన్‌లోని రణథంబోర్‌లా ఇక్కడ పులి తేలిగ్గా కంటబడదు. దానికోసం జీపులు పెంచడం, కొత్త బాటలు తెరవడం తప్పు.

తీర్పుకు అనుగుణంగా జీపుల సంఖ్యనో వేళలనో తగ్గించాల్సి వస్తే తగ్గించవచ్చు. అప్పుడు పని పోయే ప్రతి చెంచు గైడుకు బేస్‌క్యాంపులో కొలువు, నెలనెలా జీతం ఇస్తామని ఆ ఉత్తర్వులోనే రాయాలి.