కేదార్‌కంఠకు పోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

జనవరిలో కేదార్‌కంఠ ఎక్కుతారని మీ అమ్మ చెప్పింది. బట్టలు కొనే ముందే ఇది చదవండి. ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని ఆ శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. హనుమకొండలో చలికి స్వెట్టరు, మఫ్లరు సరిపోతాయి. అక్కడ రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీల కిందికి పోవచ్చు. అయినా చలికంటే ముందు భయపడాల్సింది తడికి.

ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి మనకు అన్నం పెడుతుంది కానీ మంచు కొండ మీద పనికిరాదు. నూలు బనీను చెమట పీల్చుకుని ఆరకుండా ఒంటికే అంటుకుంటుంది. నీళ్లు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. కాబట్టి జీన్స్, నూలు టీషర్టులు, నూలు సాక్సులు ఇంట్లోనే ఉంచండి. దుకాణంలో ‘థర్మల్’ (ఒంటికి అంటి ఉండే లోపలి బట్టలు) అని ఇచ్చేవాటిలో నూలు కలిసినవే ఎక్కువ. లేబుల్ చూసి పాలిస్టర్‌దో మెరినో ఉన్నిదో తీసుకోండి. అనుమానముంటే రాత్రి నీళ్లలో తడిపి, పిండి, నీడలో ఆరేయండి. తెల్లారినా తడి ఉంటే అది మనకొద్దు.

థర్మల్ మీద ఫ్లీస్ (నూగు ఉండే మెత్తటి పాలిస్టర్ జాకెట్), దాని మీద గాలిని, మంచును ఆపే జాకెట్. ఈ మూడూ కాక ఆగినప్పుడు వేసుకోవడానికి ఈకల జాకెట్. కొత్తవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు: చలేస్తోందని అన్నీ తొడుక్కుని నడక మొదలుపెడతారు, అరగంటలో తడిసిపోతారు, ఆగగానే వణుకుతారు. నడిచేటప్పుడు థర్మల్, ఫ్లీస్ చాలు. గాలి కొడితేనే పై జాకెట్. మొదటి పది నిమిషాలు కొంచెం చలిగా ఉండాలి, అదే సరైన లెక్క. ఆగిన వెంటనే, ఒళ్లు చల్లబడకముందే ఈకల జాకెట్ వేసుకోండి. అది తడిస్తే ఈకలు ఉండలు కట్టి, మధ్యలో గాలి నిలవదు, వెచ్చదనం పోతుంది. కొనేటప్పుడు అన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని చేతులు పైకెత్తి చూడండి. నడుము బయటపడినా, చంకల దగ్గర బిగిసినా ఒక సైజు పెంచండి.

మూడు జతల సాక్సులు వేసుకోమని చెప్పేవాళ్లుంటారు, వినకండి. పాదం బిగిస్తే రక్తం సరిగ్గా పారదు, వేళ్లు ముందుగా మొద్దుబారతాయి. ఒక పలుచని జత, ఒక మందపు ఉన్ని జత చాలు. బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. అవే సాక్సులతో వేసుకుని పాదం ముందుకు తోస్తే మడమ వెనుక ఒక వేలు పట్టాలి. మూడు వారాల ముందు నుంచే బరువు సంచితో పద్మాక్షి గుట్ట ఎక్కి దిగండి. బొబ్బ ఎక్కడ వస్తుందో దిగేటప్పుడే తెలుస్తుంది. అక్కడ ముందే టేపు వేయాలి. మంచు మీద జారకుండా బూటుకు తొడిగే మైక్రోస్పైకులు (చిన్న ఇనుప ముళ్లు), లోపలికి మంచు పోకుండా మోకాళ్ల దాకా కట్టే గేటర్లు, నడక మొదలయ్యే సాంక్రీ ఊళ్లో అద్దెకు దొరుకుతాయి. స్పైకుల రబ్బరు సాగదీసి పగుళ్లు చూశాకే తీసుకోండి.

చేతులకు లోపల పలుచని గ్లవ్, పైన తడవనిది. పై గ్లవ్ మణికట్టుకు దారంతో కట్టుకోండి. లేసు కట్టడానికి తీసినప్పుడు మంచు మీద పెట్టకుండా జాకెట్ లోపల దోపుకోండి. టోపీ చెవులు మూయాలి. మంచు మీద ఎండ కింది నుంచి కూడా కొడుతుంది: అతినీలలోహిత కిరణాలను ఆపే ‘యూవీ 400’ కళ్లద్దాలు తప్పవు, సన్‌స్క్రీన్ గదవ కింద, ముక్కు కింద కూడా రాయాలి.

గొట్టంతో తాగే నీళ్ల సంచి వద్దు, గొట్టం గడ్డకడుతుంది. వెడల్పు మూతి సీసా తలకిందులుగా పెట్టండి. మంచు పై నుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు ద్రవంగానే ఉంటాయి. మూత మాత్రం గట్టిగా బిగించాలి. పవర్‌బ్యాంకు, టార్చి బ్యాటరీలు రాత్రి స్లీపింగ్ బ్యాగులో మీ పక్కనే.

పడుకునేటప్పటికి ఒక జత పొడి బట్టలు వేరుగా, ప్లాస్టిక్ కవరులో ముడేసి ఉంచండి. పగటి బట్టలు ఎంత తడిసినా ఆ జతను నడకకు ముట్టొద్దు. స్లీపింగ్ బ్యాగులో తల దూర్చి ఊపిరి వదలకండి, ఆ తేమ లోపలే చేరుతుంది. సంచికి పై కవరు ఒక్కటే చాలదు, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. లోపల పెద్ద మందపాటి కవరు పరిచి అందులోనే సర్దండి. పై జాకెట్, గ్లవ్స్ అన్నిటికంటే పైన.

సంచి సర్దాక తూకం వేసి బరువు నాకు చెప్పండి. పది కిలోలు దాటితే ఏవి తీయాలో నేను చెబుతాను.

మీ పెద్దబాపు
హనుమకొండ