అనంతపురంలో హీటరా? ఎయిర్‌కూల్డ్ కార్లపై అపోహలు - వాస్తవాలు

మా షెడ్డుకు వచ్చే పాత కార్లలో ఎక్కువ భాగం బెంగళూరు హైవే మీద దిగివచ్చేవే. చాలావరకు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్స్, ఎప్పుడైనా ఒక పోర్షే 911. రెండింటికీ ఇంజన్ వెనకే, రెండింటికీ రేడియేటర్ లేదు. ఇంజన్ తిప్పే ఫ్యాన్ ఊదే గాలితోనే చల్లబడతాయి. ఈమధ్య 911 ఓనర్లు ఒక పని అడుగుతున్నారు. 1978-89 మధ్య వచ్చిన 911 రకాలైన ఎస్‌సీ, కరెరా 3.2 కార్లలో ఇంజన్ మీద కూర్చునే ఎలక్ట్రిక్ బ్లోయర్‌నూ, దాని గొట్టాలనూ తీసేసి, అంతకు ముందు కార్లలో ఉన్న సాదా హీటర్ పద్ధతికి మార్చమంటారు. ఆ పని గురించి జనం చెప్పుకునే మాటల్లో నిజమెంతో రాద్దామనిపించింది.

ఆ సాదా పద్ధతి ఇది. ఫ్యాన్ గాలిలో కొంత పక్కకు మళ్లి, ఎగ్జాస్ట్ పైపుల చుట్టూ రేకు తొడుగున్న హీట్ ఎక్స్ఛేంజర్లలోకి పోతుంది. అక్కడ వేడెక్కి వాటి ముందున్న ఫ్లాపర్ డబ్బాలకు, అంటే గాలి దారి మార్చే రెక్కలున్న డబ్బాలకు చేరుతుంది. సీట్ల మధ్య లివర్ ఎత్తితే ఆ గాలి డోర్ల కిందున్న సిల్ గుండా ముందు అద్దానికి, కాళ్ల దగ్గరికి వస్తుంది. దించితే కారు కిందికి పోతుంది.

అపోహ: "ఏం సామీ, అనంతపురంలో హీటరా? పీకి పారేయ్."

అడగడంలో తప్పేం లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఊరు మాది, ఏప్రిల్ వచ్చిందంటే స్టీరింగ్ మీద చెయ్యి పెట్టలేం. కానీ ఈ కార్లు ఇక్కడే తిరగవు కదా. డిసెంబరులో హార్స్‌లీ హిల్స్, ఊటీ, వానాకాలంలో కూర్గ్ పోతాయి. వానలో అద్దాలు ఎత్తుకుని పోతుంటే ముందు అద్దానికి లోపలి నుంచి ఆవిరి పట్టేస్తుంది. ఏసీ లేని కారులో దాన్ని వదిలించేది ఈ వేడిగాలే. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని ఘాట్ దిగడం ఎంత టెన్షనో దిగినవాళ్లకు తెలుసు.

నాకు దానికంటే ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. హీటర్ గాలి, ఇంజన్‌ను చల్లబరిచే గాలి ఒకే ఫ్యాన్‌వి. హీటర్ పీకేసి, ఫ్యాన్ కవరు మీద దాని గొట్టం తగిలే మూతిని అలాగే వదిలేస్తే, సిలిండర్ల మీదికి పోవాల్సిన గాలి ఆ మూతిలోంచి బయటికి పోతుంది. "పీకేశాం, ఇక గోలే లేదు" అనుకున్న బండ్లే మే నెలలో ఆయిల్ టెంపరేచర్ ముల్లు ఎక్కుతోందంటూ మా దగ్గరికి వస్తాయి. పీకదలుచుకుంటే పీకండి, ఆ మూతికి మాత్రం బిర్రుగా మూత వేయించండి. గుడ్డ కుక్కి టేపు చుట్టడాన్ని మూత అనరు.

అలాంటిదే ఇంకో చోటుంది, దాన్ని ఎవరూ చూడరు. ఇంజన్ చుట్టూ రేకు, దాని అంచున రబ్బరు ఉంటాయి. పైనున్న చల్లగాలి, కిందున్న సైలెన్సర్ వేడి కలవకుండా ఆపేది అవే. బ్లోయర్ తీసి గొట్టాల దారి మార్చాక రేకులో ఎక్కడో ఒక సందు మిగిలిపోతుంది. కింది వేడిగాలి దాంట్లోంచి పైకెక్కితే ఫ్యాన్ దాన్నే మళ్లీ పీల్చుకుంటుంది. బయట 42 డిగ్రీలున్న రోజున ఇంజన్‌కు అంతకంటే వేడిగాలి అందుతుందన్నమాట. ఇంజన్ బే పైనుంచి టార్చి వేసి అంచుల వెంబడి చూడండి. ఎక్కడైనా నేల కనబడిందా, అక్కడ సీలు లేనట్టే.

అపోహ: హీటర్ ఆన్ చేస్తే ఇంజన్ చల్లబడుతుంది.

ఇది నీళ్లతో ఇంజన్ చల్లబడే బండ్ల చిట్కా. వాటిలో హీటర్ అంటే ఇంకో చిన్న రేడియేటరే, ఆన్ చేస్తే ఇంజన్ వేడి కొంత అటు పోతుంది. ఎయిర్‌కూల్డ్ కారులో హీటర్‌కు అందేది ఎగ్జాస్ట్ పైపు వేడి, అంటే ఎలాగూ బయటికి పోయేది. లివర్ ఎత్తినా దించినా ఎక్స్ఛేంజర్ల మీదుగా గాలి పోతూనే ఉంటుంది, ఎటు పోవాలన్నదే మారుతుంది. ఎండలో హీటర్ వేసుకుంటే మీరు ఉడకడం తప్ప ఇంజన్‌కు ఒరిగేదేం లేదు.

అపోహ: పాత పద్ధతికి మారిస్తే హీటరే పనిచెయ్యదు.

సగం నిజం. పాత పద్ధతిలో గాలి పూర్తిగా ఇంజన్ స్పీడు మీద ఆధారపడుతుంది. హైవే మీద బాగానే వస్తుంది, సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఉంటే నీరసంగా వస్తుంది. బ్లోయర్ పెట్టిందే ఆ లోటు తీర్చడానికి. అందుకే వానాకాలంలో బెంగళూరు ట్రాఫిక్‌లో రోజూ తిప్పే కారైతే బ్లోయర్ ఉండనివ్వమంటాను. వారాంతంలో రోడ్డెక్కే కారైతే తీసేయొచ్చు. ఇంజన్ బే ఖాళీ అవుతుంది, సర్వీసుకు చెయ్యి ఆడుతుంది, కొంత బరువూ తగ్గుతుంది. ఆ కాలం కార్లలో లివర్ బదులు డయల్ తిప్పితే ఉష్ణోగ్రత చూసి చిన్న మోటారే కేబుళ్లు లాగే ఏర్పాటు కూడా ఉండేది. పనిచేసినన్నాళ్లు హాయి, మొరాయిస్తే ఫ్లాపర్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. చేత్తో ఎత్తే లివరుకు ఆ బాధ లేదు.

అపోహ: ఈ కార్లలో కాళ్లు కాలడం మామూలే.

మామూలు కాదు. లివర్ దించినా వేడి వస్తోందంటే ఫ్లాపర్ పూర్తిగా మూసుకోవడం లేదు. కారు కింద ఉంటుంది కాబట్టి దుమ్ము, బురద చేరి దాని ఇరుసు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. లేదంటే స్ప్రింగు విరిగి ఉంటుంది, కేబుల్ సాగి ఉంటుంది. ఇంజన్ చల్లారాక ఒకరు లోపల కూర్చుని లివర్ ఆడిస్తుంటే ఇంకొకరు కింద పడుకుని చూస్తే అరనిమిషంలో తెలిసిపోతుంది. రెండు పక్కలా చూడండి. ఒకవైపు మాత్రమే బిగుసుకున్నవే ఎక్కువ.

అపోహ: లోపల వాసన లేకపోతే భయం లేదు.

దీన్ని నమ్మొద్దు. ఎక్స్ఛేంజర్‌లో ఎగ్జాస్ట్ పొగ, మనం పీల్చే గాలి పక్కపక్కనే పోతాయి, మధ్యలో ఉన్నది ఒక్క పైపు గోడ. అది తుప్పుపట్టి చిల్లు పడినా, వెల్డింగ్ పగిలినా కార్బన్ మోనాక్సైడ్ నేరుగా కారులోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, నిద్రమత్తు వస్తే ప్రయాణం బడలిక అనుకుని అద్దాలు ఎత్తి అలాగే పోతారు.

అందుకే సెకండ్‌హ్యాండ్ ఎక్స్ఛేంజర్లు తెస్తే బిగించే ముందు ఒక పరీక్ష చేస్తాం. ఎగ్జాస్ట్ పైపుల మూతులన్నీ రబ్బరు బిరడాలతో మూసి, ఒకదాంట్లోంచి కొద్దిపాటి ప్రెషరుతో గాలి వదిలి, పంక్చర్ షాపులో ట్యూబు చూసినట్టు నీళ్ల తొట్టిలో ముంచుతాం. తొడుగు లోపల చిక్కుకున్న గాలి మొదట బుడబుడమని పోతుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు. కాసేపాగి చూడాలి. అప్పటికీ ఒకే చోటు నుంచి సన్నగా బుడగల తీగ వస్తుంటే ఆ ముక్క పనికిరాదు. బయటి రేకు మెరుస్తోందని లోపలి పైపు బాగుందనుకోవద్దు, తుప్పు చాలాసార్లు లోపలి నుంచే మొదలవుతుంది.

ఇక నూనె మాడిన వాసన వస్తోందంటే అది వేరే కథ. 911లో కింది వాల్వ్ కవర్లు, ఆయిల్ రిటర్న్ ట్యూబులు ఎక్స్ఛేంజర్లకు సరిగ్గా పైనే ఉంటాయి. వాటి నుంచి కారిన చుక్కలు వేడి రేకు మీద పడి మాడుతాయి. ఎక్స్ఛేంజర్లు దించినప్పుడే కవర్ ప్యాకింగులు, ట్యూబుల ఓ-రింగులు మార్చేయండి. తర్వాత చేద్దామంటే ఇంత పనీ మళ్లీ చేయాలి. పాత బీటిల్స్‌లో ఈ వాసన ఇంకా ఎక్కువ. 1960ల మొదటి వరకు వాటిలో సిలిండర్ల మీదుగా పోయిన గాలినే లోపలికి పంపేవారు.

ఏ కారైనా సరే, బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి లోపల పెట్టమని చెప్తాను. చాలామంది నవ్వుతారు. నవ్వినా పెట్టమంటాను.

అపోహ: సైలెన్సర్ షాపులో పైపు చుట్టూ రేకు చుట్టిస్తే అదే హీట్ ఎక్స్ఛేంజర్.

గాలికి వేడి సరిగా ఎక్కాలంటే రేకు చుడితే చాలదు, గాలి ఎంతసేపు ఎంత వేడి లోహాన్ని తాకుతుందన్నది ముఖ్యం. పైగా చేతికి దొరికింది కదా అని జీఐ రేకు వాడతారు. దాని మీద జింక్ పూత ఉంటుంది, బాగా వేడెక్కితే దాని పొగ ఒంటికి మంచిది కాదు. గొట్టాల సంగతీ అంతే. హార్డ్‌వేర్ షాపులో దొరికే పీవీసీ హోస్ వేస్తే మెత్తబడి సైలెన్సర్ మీద వాలుతుంది, పక్కనే పెట్రోల్ లైను. వేడికి తట్టుకునే గొట్టమే వేయండి, రెండు చివరలా క్లిప్పు పెట్టండి.

అపోహ: స్పానర్ సెట్టుంటే ఒక పూట పని.

బ్లోయర్ తీసి గొట్టాలు మార్చడం వరకైతే ఒప్పుకుంటాను. ఎక్స్ఛేంజర్లు కూడా మార్చాలంటే అసలు పరీక్ష ఇంజన్ హెడ్డుకున్న స్టడ్లతో, అంటే ఎక్స్ఛేంజర్‌ను పట్టి ఉంచే మరలతో. అవి ఎనిమిది మిల్లీమీటర్లవి, ఏళ్ల తరబడి కాలి నట్టుతో ఒకటైపోయి ఉంటాయి. కొన్ని నట్లయితే గొట్టంలా పొడవుగా ఉండి పైకి కనబడవు. ఎక్స్ఛేంజర్ కింద రంధ్రంలోంచి పొడవాటి అలెన్ కీ దూర్చి తిప్పాలి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. కదలకపోతే నట్టును వేడి చేయండి, ఆయిల్, పెట్రోల్ లైన్లకు దూరంగా, పక్కనే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని. కీకి పైపు తొడిగి బలం పెట్టారా, స్టడ్డు హెడ్డులోనే విరిగి కూర్చుంటుంది. దాన్ని డ్రిల్లు చేసి తీయడం మొత్తం పనికంటే పెద్ద పని.

అపోహ: దీంతో పవర్ పెరుగుతుంది.

హీటర్ గొట్టాలు మారిస్తే పెరగదు. 1970ల తొలినాళ్ల తరహా ఎక్స్ఛేంజర్లు, రెండు పైపులు విడివిడిగా వచ్చి తగిలే సైలెన్సర్ కూడా వేస్తే పొగ తేలిగ్గా పోతుంది, కాస్త తేడా తెలుస్తుంది. అప్పుడు ఆయిల్ పైపులు కూడా కొన్ని మార్చాల్సి వస్తుంది. ఎస్టిమేట్ అడిగేటప్పుడే అది కలిపి అడగండి.

అపోహ: పాత పద్ధతి అంటే పెట్రోల్ హీటరే.

తొలి 911లలో పెట్రోలుతో మండే వెబాస్టో హీటర్ కూడా ఉండేది, నిజమే. దాన్ని మన ఎండల్లో మళ్లీ బతికించాలనే సరదా ఎవరికైనా ఉంటే నా దగ్గరికి రావొద్దు.

పని పూర్తయ్యాక మొదటి రోజు కొద్దిగా పొగ, కాలిన వాసన వస్తాయి. చేతుల నుంచి అంటిన నూనె మాడిపోవడమే అది. అద్దాలు దించుకుని ఒక నలభై యాభై కిలోమీటర్లు తిప్పి, పూర్తిగా చల్లారాక నట్లు, క్లిప్పులు ఇంకోసారి బిగించాలి. వారం దాటినా వాసన పోకపోతే లివర్ దించేసి, అద్దాలు ఎత్తకుండా, నేరుగా షెడ్డుకు తీసుకురండి.