గదివాళ్ళంతా ఒకే ట్యూబులో

మా పక్కింటి అమ్మాయి బరంపురం యూనివర్సిటీ ఉండే భంజ విహార్‌లో పీజీ చదువుతోంది. కోవిడ్ రోజుల్లో తను ప్లస్ టూ. మొన్న సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ అడిగింది: "మావయ్యా, మళ్ళీ అలాంటిదే వస్తే మా హాస్టల్ ఎలా తెరుస్తారు? అయిదొందల మందికి వారం వారం టెస్టులంటే ఎవరివల్ల అవుతుంది?"

2021 జనవరి 11న ఒడిశాలో ఆఖరి ఏడాది విద్యార్థులకు తరగతులు మొదలైనప్పుడు బరంపురంలో అందరి టెన్షనూ ఇదే. అంతకుముందు మే నెలలో సూరత్ నుంచి వలస కూలీలు రైళ్ళు దిగడం, ఊళ్ళలో బడులన్నీ క్వారంటైన్ కేంద్రాలైపోవడం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. సగం మందికి మించి రావద్దనీ, హాస్టల్లో గదికి ఒక్కరే ఉండాలనీ యూజీసీ చెప్పింది. ముగ్గురుండే గదిలో ఒక్కరే అంటే మిగతా ఇద్దరూ ఇచ్ఛాపురంలోనో పర్లాకిమిడిలోనో ఫోను పట్టుకుని కూర్చోవాల్సిందే.

మాస్కుల గురించీ ఆరడుగుల దూరం గురించీ నేను రాయను, మీరూ విని విసిగిపోయారు. కిటికీలు తెరిచి పెట్టండి, అంతే. నాకు ముచ్చటైన సంగతి వేరే ఉంది. చాలామంది నమూనాలు కలిపి ఒకే పరీక్ష చేయడం, దాన్ని పూల్ టెస్టింగ్ అంటారు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటాం. వైరస్ దగ్గర ఆ లెక్క చెల్లదు. కుండలో మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడికాయి, హాస్టల్లో మాత్రం ఒకడికి సోకి పక్కవాడికి సోకకపోవచ్చు. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే ఆర్థికవేత్త దీన్ని తిరగేశాడు. అమెరికా సైన్యంలో చేరేవాళ్ళకి సిఫిలిస్ పరీక్షలు చేయాలి, వేలల్లో. ప్రతి గిన్నెలోంచీ ఒక గరిటె సాంబారు తీసి ఒకే చెంబులో పోసి వాసన చూడండన్నట్టు చెప్పాడు. చెంబు బాగుంటే గిన్నెలన్నీ బాగున్నట్టే. పాచి వాసన వస్తేనే ఒక్కో మూతా తీయాలి.

లెక్క వేద్దాం. నూరు మందిలో ఒకరికి జబ్బుందనుకోండి. పది మంది నమూనాలు ఒక ట్యూబులో కలిపితే పది ట్యూబులు. ఒక ట్యూబు శుభ్రంగా ఉండే అవకాశం ఎంత? 0.99ని పదిసార్లు గుణిస్తే సుమారు 0.904. అంటే పదింటిలో సగటున ఒక్క ట్యూబు పట్టుబడుతుంది. అందులోని పది మందికీ మళ్ళీ విడివిడిగా చేయాలి. మొత్తం ఇరవై. నూరు పరీక్షల పని ఇరవైతో తేలింది! అదే నూటికి పది మందికి ఉంటే 75 పడతాయి. నూటికి ముప్ఫై మందికి ఉంటే, అయిదేసి మందిని కలిపినా 103. నూరుతో పోయేదానికి నూట మూడు. కాబట్టి ఈ ఉపాయం జబ్బు ముదిరాక పనికిరాదు, తక్కువగా ఉన్నప్పుడే, అంటే గేటు తెరిచే రోజునే మొదలవ్వాలి.

ఈ సంభావ్యత సూత్రం మా పక్కింటి అమ్మాయికి వచ్చు. ప్లస్ టూలో పాచికలతో, పేకముక్కలతో చెప్పారట, మార్కులూ బాగానే వచ్చాయి. పేకాట ఆడితే ఇంట్లో తంతారు, మరి పిల్లలకి ఆ ఉదాహరణలే ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

2020 ఏప్రిల్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పూల్ టెస్టింగ్‌కి అనుమతిస్తూ అయిదు నమూనాలకి మించి కలపొద్దంది. పదైతే ఏం? ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. ఆర్‌టీ‌పీసీఆర్‌లో ఒక్కో చక్రానికి వైరస్ జన్యుపదార్థం రెట్టింపవుతుంది. ఎన్నో చక్రంలో అది కనిపిస్తుందో ఆ అంకే సీటీ విలువ. మన దగ్గర 35 దాటితే నెగెటివ్ అన్నారు. అయిదు నమూనాలు కలిపితే సరుకు అయిదో వంతుకి పలచబడి, 2.3 చక్రాలు ఆలస్యంగా కనిపిస్తుంది. పది కలిపితే 3.3. విడిగా 32 వచ్చేవాడు అయిదుగురిలో 34.3కి దొరుకుతాడు, పది మందిలో 35.3కి జారిపోతాడు.

జారిపోతే పోనీ, రెండు మూడు రోజుల్లో మళ్ళీ చేస్తే? జబ్బు పెరిగే దశలో ఉన్నవాడైతే అప్పటికి వైరస్ ఎన్నో రెట్లయి తప్పక చిక్కుతాడు. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం 2020లో చేసింది ఇలాంటిదే: ఉమ్మితో పరీక్ష, వారానికి రెండుసార్లు. ఫలితం త్వరగా రావాలి మరి. నాకోసారి అయిదో రోజున వచ్చింది. అప్పటికి జలుబు తగ్గి నేను బజార్లో వంకాయలు ఏరుతున్నాను.

ఇక అసలు కిటుకు. ఎవర్ని ఎవరితో కలపాలి? రోల్ నంబరు వరుసన కలపడం గుమాస్తా పద్ధతి. గదివాళ్ళని ఒకే ట్యూబులో వేయాలి. నూరు మందిలో ఇద్దరు రోగులు, ఇద్దరిదీ ఒకే గది అనుకోండి. అయిదేసి మందిని కలిపినప్పుడు వాళ్ళు చెరో ట్యూబులో పడితే 20 + 10, ముప్ఫై పరీక్షలు. ఒకే ట్యూబులో పడితే 20 + 5, ఇరవై అయిదు. పైగా ఇద్దరి వైరసూ కలిస్తే పలచబడటమూ తగ్గుతుంది. ఇద్దరిదీ సమానమైతే 1.3 చక్రాల ఆలస్యమే. జబ్బు గదిలో ఎలా పాకుతుందో ట్యూబులూ అలాగే సర్దామన్నమాట.

మా నాయనమ్మ కాలంలో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. రోగి మంచానికి కాదు, గుమ్మానికి. ఆ ఇల్లంతా ఒక లెక్క, ఎవరూ లోపలికి రాకూడదు. వేపాకు వైరస్‌ని చంపిందనను, కానీ ఆ గుమ్మం లెక్క సరైందే. కోవిడప్పుడు మెళ్ళో వేసుకున్న కర్పూరం, వాము మూటల్లో అలాంటి లెక్కేమీ లేదు. వైరస్‌కి ముక్కు లేదు కదా!

"మరి హాస్టల్ అంతా ఒకే ట్యూబైతే?" అంది అమ్మాయి. అదీ చేశారు. 2020 ఆగస్టులో అరిజోనా విశ్వవిద్యాలయం ఒక హాస్టల్ మురుగునీటిలో వైరస్ ఆనవాళ్ళు పట్టుకుంది. అక్కడున్న 311 మందికీ పరీక్షలు చేస్తే ఇద్దరు దొరికారు, ఇద్దరికీ లక్షణాల్లేవు. జబ్బు బయటపడక ముందే మలంలో వైరస్ జన్యుపదార్థం రావచ్చు, అందుకే ఇది సాధ్యం. సెప్టిక్ ట్యాంకులున్న హాస్టళ్ళలో ట్యాంకులోంచి తీస్తే నిన్నటిదీ మొన్నటిదీ కలిసిపోతుంది, దాంట్లోకి దిగే పైపు దగ్గరే పట్టాలి. అదీ పొద్దున్నే, బాత్రూముల ముందు క్యూ ఉన్నప్పుడు. తొమ్మిది దాటితే ఆ పైపులో వచ్చేవి ఎక్కువగా బట్టలుతికిన సబ్బు నీళ్ళే.