అంబలి, మజ్జిగ, కడుపులో బిడ్డ నెత్తురు

అనంతపురం నుంచి ఒక టీచరమ్మ ప్రశ్న పంపారు. ఆమెకు ఐదో నెల. తరగతిలో పిల్లలకు వరసగా జ్వరాలు, ఎవరో లెంపకాయ కొట్టినట్టు ఎర్రబడ్డ బుగ్గలు. ఆమెకూ పార్వోవైరస్ బి19 సోకినట్టు రక్తపరీక్షలో తేలింది. ‘స్కానింగులో వైరస్ కనిపిస్తుందా?’ అని అడిగారు. గ్రహణం రోజు గడప దాటినందుకే ఇదంతా అని అత్తగారి తీర్పట. మొర్రికీ గ్రహణానికీ ముడిపెట్టిన మనకు ఇది కొత్త కాదు. 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ ఆకాశం వంక చూడలేదు. శుక్లాలతో పుట్టిన పసివాళ్ల తల్లులకు గర్భం తొలినాళ్లలో రుబెల్లా వచ్చిందని గుర్తించాడు.

ఇక ప్రశ్నకు జవాబు: కనిపించదు. సెకనుకు 50 లక్షల సార్లు కంపించే స్కానింగు ధ్వనికి ఒంట్లో ఒక్కో తరంగం పొడవు సుమారు 0.3 మిల్లీమీటర్లు. ఈ వైరస్ అందులో దాదాపు పన్నెండు వేలో వంతు. యంత్రానికి చిక్కేది వైరస్ చేసిన పాడు మాత్రమే. సైటోమెగాలో వైరస్ అయితే మెదడు గదుల చుట్టూ తెల్లటి సున్నపు చుక్కలు వదలవచ్చు. జికాలో ఆ చుక్కలు ఎక్కువగా మెదడు పైపొర అడుగున కనిపిస్తాయి.

బి19 తీరు వేరు. అది ఎర్ర రక్తకణాలను తయారుచేసే కణాలనే చంపుతుంది. బిడ్డ నెత్తురు పలచబడుతుంది. నలుపు తెలుపు బొమ్మలో ఆ పలచన ఎలా తెలుస్తుంది? నాకు మహా ఇష్టమైన భాగం ఇదే.

చెంబుతో చిక్కటి రాగి అంబలి వంచండి, తీరిగ్గా జారుతుంది. పలచటి మజ్జిగ వంచండి, గబుక్కున దూకుతుంది. నెత్తురూ అంతే, కణాలు తగ్గితే వేగం పెరుగుతుంది. అయితే చెంబు తనంతట తాను ఇంకాస్త వంగదు. బిడ్డ గుండె మాత్రం వంగుతుంది. ప్రాణవాయువు చాలడం లేదని మరింత నెత్తురు తోడుతుంది. రెండూ కలిసి వేగాన్ని పెంచుతాయి.

ఆ వేగాన్ని కొలిచేది డాప్లర్ స్కానింగు. పారే నెత్తురుకు తగిలి తిరిగొచ్చే ధ్వని స్వరంలో మార్పే దానికి ఆధారం. గుంతకల్లు స్టేషన్లో వంతెన మీద నిలబడితే, ఎదురుగా వచ్చే రైలు కూత సన్నగా వినిపించి, రైలు వంతెన దాటగానే బొంగురుపోతుంది. అదే రైలు దూరంగా వేరుశనగ చేనుకు అడ్డంగా పోతుంటే, సరిగ్గా ఎదుటికి వచ్చిన క్షణంలో కూతలో ఏ మార్పూ ఉండదు. స్కానింగులోనూ కోణమే కీలకం. ధ్వని కిరణానికీ రక్తనాళానికీ మధ్య 60 డిగ్రీలుంటే మార్పు సగానికి పడిపోతుంది. అందుకే మెదడులోని మధ్య మస్తిష్క ధమనిని ఎంచుకుంటారు. తలను అడ్డుకోతగా చూస్తే అది కిరణానికి దాదాపు సూటిగా దొరుకుతుంది. 24 వారాలకు అందులో గరిష్ఠ వేగం మామూలుగా సెకనుకు 31 సెంటీమీటర్ల దరిదాపు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 46 దాటితే, రక్తహీనత తీవ్రంగా ఉందేమోనని అనుమానించాలి. 2000లో జాన్‌కార్లో మారి బృందం ఈ హద్దును ప్రచురించేదాకా, రక్తహీనత తెలుసుకోవాలంటే చాలాసార్లు కడుపులోకి సూది దించవలసిందే.

టీచరమ్మకు నేను రాసింది ఇది: ఈరోజు స్కానింగు బాగుందంటే పని అయిపోయినట్టు కాదు. సోకిన నాటి నుంచి 8 నుంచి 12 వారాల దాకా వారానికో, రెండు వారాలకో డాప్లర్ చూపించుకుంటూ ఉండాలి. చాలామంది బిడ్డలకు ఏమీ కాదు. వేగం హద్దు దాటినా, బిడ్డ పొట్టలో నీరు చేరినట్టు కనిపించినా, బొడ్డుతాడు సిర ద్వారా బిడ్డకు నెత్తురు ఎక్కించే నిపుణులు ఉన్నారు. ఎక్కించేది ఎర్రకణాలు దట్టంగా ఉన్న, అంబలి లాంటి నెత్తురే.