రిజిస్ట్రీలో ఇద్దరు సింహాచలాలు: క్యాన్సర్ నమోదుపై అపోహలు, వాస్తవాలు

మా రికార్డుల గదికి ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే. "మా పేరు దేనికి రాసుకుంటున్నారు బాబూ?" క్యాన్సర్ అన్న మాట ఇంట్లో కూడా గట్టిగా అనని మన వైపు ఆ అనుమానం రావడంలో తప్పేం లేదు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్ల కేసు షీట్లతో పదకొండేళ్లుగా కుస్తీ పడుతున్నాను. ఒక ప్రాంతంలో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో రాసిపెట్టే లెక్కే క్యాన్సర్ రిజిస్ట్రీ, నా పని అదే. ఈ పనిలో తరచూ వినే మాటల్లో కొన్నింటికి జవాబులివి.

అపోహ: లెక్కే కావాలంటే అంకె చాలు, పేరెందుకు?

పేరు లేకపోతే ఆ అంకే తప్పుతుంది. మన పేషెంట్లు ఒక్క ఆసుపత్రితో ఆగరు కదా. రాజాంలో స్కానింగ్, విశాఖ కేజీహెచ్ (పెద్దాసుపత్రి)లో బయాప్సీ, ఆపరేషన్ ఏదో ప్రైవేటులో, రేడియేషన్ అగనంపూడిలోని హోమీ బాబా ఆసుపత్రిలో. నాలుగు చోట్లా నాలుగు ఫైళ్లు. పేరు, వయసు, ఊరు, ఇంటాయన పేరు పక్కపక్కన పెట్టి చూడకపోతే ఒక్క మనిషి నలుగురైపోతారు.

అలా చూసినా మన పేర్లు సులువుగా దొరకవు. ఒక ఫైల్లో అప్పలనరసమ్మ, ఇంకో ఫైల్లో ఉత్త నర్సమ్మ. వయసు అడిగితే యాభయ్యో, అరవయ్యో. ఇక సింహాచలం అంటే ఆడో మగో పేరు చూసి చెప్పలేం. చేరిన కొత్తలో అక్కడే బోల్తా పడబోయాను. ఇద్దరు సింహాచలాలు, ఇద్దరికీ 55 ఏళ్లు, ఒకే మండలం, ఇద్దరికీ అన్నవాహిక క్యాన్సర్. డూప్లికేటే అనుకుని ఒక ఎంట్రీ తీసేయబోతుంటే మా సీనియర్ ఆపారు. వెంట వచ్చినవారి సంబంధం దగ్గర ఒక ఫైల్లో 'భార్య', రెండో దాంట్లో 'భర్త' అని ఉంది.

బయటికి అచ్చయ్యే నివేదికలో ఈ పేర్లేవీ ఉండవు. ఏ అవయవం, ఏ వయసు, ఆడా మగా, లక్ష మందిలో ఎంతమందికి అన్నవే ఉంటాయి. రేషన్ కార్డుకీ పింఛనుకీ దీనితో ముడి లేదు.

అపోహ: ఆధార్‌లో శ్రీకాకుళం ఉంటే అది శ్రీకాకుళం కేసే.

కాదు. ఆసుపత్రి ఎక్కడుందన్నదీ కాదు, సొంతూరు ఏదన్నదీ కాదు. కనీసం ఏడాదిగా ఎక్కడ కాపురముంటున్నారో జనాభా రిజిస్ట్రీ అదే చూస్తుంది. కవిటి నుంచి హైదరాబాద్ వెళ్లి ఆరేళ్లుగా బిల్డింగ్ పనులు చేస్తున్నాయనకు అక్కడే జబ్బు బయటపడితే, ఆయన హైదరాబాద్ లెక్కలోకి వెళ్తారు. ఇచ్ఛాపురంలో ఉంటూ ఒడిశాలోని బరంపురంలో చూపించుకున్నావిడ మాత్రం శ్రీకాకుళం లెక్కే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ఇంకో తంటా వచ్చింది. పాత ఫైళ్లలో రాజాం శ్రీకాకుళం జిల్లా, కొత్తవాటిలో విజయనగరం. పాలకొండ ఏకంగా పార్వతీపురం మన్యంలోకి పోయింది. అందుకే జిల్లా పేరుతో ఆగకుండా ఊరు, మండలం కూడా అడుగుతాం. విసుక్కోకండి.

అపోహ: మా ఊళ్లో ముగ్గురికి వచ్చింది, ఉద్దానం కిడ్నీల్లాగే ఇక్కడ నీళ్లలోనే ఏదో ఉంది.

ఉద్దానం చూసిన జిల్లాలో ఈ భయం రాకపోతేనే ఆశ్చర్యం. దాన్ని కొట్టిపారేయను. కానీ ముగ్గురిలో ఒకరిది రొమ్ము, ఒకరిది నోరు, ఒకరిది రక్తం అయితే అవి మూడు వేర్వేరు జబ్బులు. పైగా కుర్రాళ్లంతా వలస పోయిన ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు, క్యాన్సర్ ఎక్కువగా వచ్చేదీ ఆ వయసులోనే. అందుకే ఊరికీ ఊరికీ పోల్చేటప్పుడు వయసు తేడాను సరిచేసిన రేటే చూడాలి. అలా చూశాక కూడా ఒకే రకం క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తే, అప్పుడు గట్టిగా అడగాల్సిందే.

అపోహ: ఫైల్లో 'క్యాన్సర్' అని ఉంటే చాలు, మిగతాది డాక్టర్ల గొడవ.

నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. మన తీరంలో అడ్డపొగ సంగతి తెలియనివాళ్లు తక్కువ. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు, ఎక్కువగా ఆడవాళ్లు. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగుడికి, అంటే నోటి పైకప్పుకి. 1971లోనే ఈ అలవాటు మీద 10,169 మంది పల్లె జనాన్ని పరీక్షించిన అధ్యయనం అచ్చయింది, అదీ మన శ్రీకాకుళం వైపు ఊళ్లలోనే. మామూలుగా అరుదైన గట్టి అంగుడి క్యాన్సర్ మన దగ్గర కనిపించడానికి ఈ అలవాటే కారణం.

రిజిస్ట్రీలో గట్టి అంగుడికి ప్రత్యేకంగా ఒక కోడ్ ఉంది, సి05.0. ఫైల్లో 'గట్టి అంగుడి మీద పుండు' అన్న రెండు మూడు మాటలుంటే ఆ కోడ్ వేస్తాను. హడావుడిలో ఎవరో 'నోటి క్యాన్సర్' అని వదిలేస్తే నేను వేయగలిగేది సి06.9, అంటే నోట్లో ఎక్కడో తెలియదు అని. అడ్డపొగ ఆవిడా, గుట్కా నమిలే కుర్రాడూ ఒకే గంపలో పడిపోతారు. రేపు ఎవరైనా అడ్డపొగ తగ్గిందా, దాంతోపాటు అంగుడి క్యాన్సర్ తగ్గిందా అని వెతికితే ఏం దొరుకుతుంది?

గర్భసంచి సంగతీ అంతే. ముఖద్వారం అయితే సి53, లోపలి భాగం అయితే సి54. ఉత్త 'గర్భసంచి క్యాన్సర్' అంటే సి55, అంటే ఏదీ తేలనట్టే. కారణాలు వేరు, నివారణ వేరు. ఈ రెండింటిలో హెచ్‌పీవీ టీకా ఆపేది ముఖద్వారం క్యాన్సర్‌నే. అందుకే బయాప్సీ కాగితం కోసం అంత వెంటపడతాను. పాత రిపోర్టులు కవర్లో పెట్టి దాచండి.

అపోహ: కంప్యూటర్లు వచ్చాయి కదా, లెక్కలు వాటంతటవే వెళ్లిపోతాయి.

1981లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ పని ప్రధానంగా కాళ్ల మీదే నడుస్తోంది. ల్యాబులు, వార్డులు, మరణాల రిజిస్టర్లు, అన్నింటి దగ్గరికీ మేమే వెళ్లాలి. మరణ ధ్రువపత్రంలో కారణం దగ్గర 'గుండె ఆగింది' అని ఉంటే అసలు జబ్బేదో మళ్లీ వెనక్కి వెతుక్కోవాలి. నివేదికలు రెండు మూడేళ్లు ఆలస్యంగా రావడానికి సగం కారణం ఇదే.

అపోహ: మనిషి పోయాక కూడా ఫోన్ చేస్తారు, వీళ్లకు మనసు లేదు.

పోయారని మాకు తెలియకే చేస్తాం. ఏ క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎన్నేళ్లు బతుకుతున్నారో ఈ ఫోన్ల వల్లే తేలుతుంది. పోయిన తేదీ లేకపోతే పోయినవాళ్లు కూడా మా లెక్కలో బతికే ఉంటారు. అయినా ప్రతిసారీ నంబరు నొక్కే ముందు కాసేపు ఆగుతాను. మొన్న నెల్లిమర్ల వైపు ఒకావిడకు చేశాను. "అమ్మా, మీ ఆయన ఎలా ఉన్నారు?"

"ఎల్లిపోనాడు బాబూ."

నేనింకేం అనలేక ఊరుకుంటే, తేదీ కోసమే ఆగాననుకుని ఆవిడే చెప్పింది. "తారీకులవీ మాకేటి తెలుస్తాయి. మొన్న కాదు, అంతకుముందు దసరాలకి. సిరిమాను మర్నాడు, తెల్లారగట్ల."

క్యాలెండర్ వెనక్కి తిప్పాను. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండుగ 15న, మంగళవారం. ఆయన కార్డులో 16-10-2024 అని రాశాను.