0.05 గీత ఎక్కడ పుట్టింది? టీ-టెస్ట్ తగాదా వెనుక ఒక పట్టిక కథ

థీసిస్‌ల గడువు దగ్గరపడేసరికి హైదరాబాద్ మెడికల్, ఫార్మసీ కాలేజీల్లో పాత తగాదా మళ్లీ రాజుకుంది. రెండు గ్రూపుల సగటులను టీ-టెస్ట్‌తో పోల్చితే పీ-వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకు మించిన తేడా కనిపించే సంభావ్యత) 0.08 వచ్చిందనుకోండి. అది 0.05 లోపు ఉంటేనే తేడాను ‘సిగ్నిఫికెంట్’ అనడం ఆనవాయితీ. ‘రెండు మందుల మధ్య తేడా లేదు’ అని రాసి ముగించమంటారు గైడ్. అంకెలు చూసిన స్టాటిస్టీషియన్ ‘అలా రాయకండి, మీ డేటా ఆ మాట చెప్పడం లేదు’ అంటారు. మధ్యలో నలిగేది పీజీ విద్యార్థి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ ఇదే గొడవ. కాకపోతే అక్కడ అది పట్టిక అడుగున వేసే ‘ఎన్ఎస్’ (నాట్ సిగ్నిఫికెంట్) అనే రెండక్షరాల మీద నడుస్తుంది.

టీ-టెస్ట్ పుట్టుక చాలామందికి తెలిసిందే. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం సీలీ గాసెట్, ‘స్టూడెంట్’ అనే మారుపేరు, 1908లో బయోమెట్రికా పత్రికలో వచ్చిన వ్యాసం. దాన్ని ఇక్కడ మళ్లీ చెప్పను. ఇవాళ్టి తగాదాకు మూలం 1925లో ఉంది. ఆ ఏడాది ఒక పట్టిక తిరగబడింది.

గాసెట్ 1908లో ఇచ్చిన పట్టికలో, మనం లెక్కగట్టిన విలువ పట్టుకుని వెతికితే సంభావ్యత దొరుకుతుంది. అది ఎంతో చూసి, దాన్ని నమ్మి ముందుకెళ్లాలా వద్దా అన్నది చదివేవాడే తేల్చుకోవాలి. 1925లో గణాంకవేత్త ఆర్.ఎ. ఫిషర్ పరిశోధకుల కోసం రాసిన గణాంక పుస్తకంలో ఈ అమరికను తిరగేశారు. పై వరసలో ఎంపిక చేసిన కొన్ని సంభావ్యతలే ఉంటాయి: 0.9, 0.8 మొదలుకొని చివరికి 0.05, 0.02, 0.01. ఎడమపక్క నిలువుగా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే ఎంతమందిని కొలిచామన్నదాన్నిబట్టి మారే అంకె. గడుల్లో మాత్రం టీ విలువలు, అంటే తేడా దాని అనిశ్చితికి ఎన్ని రెట్లో చెప్పే అంకెలు. ఈ పట్టిక ముందు కూర్చున్నవాడు ‘నా టీ, 0.05 కింద ఉన్న అంకెను దాటిందా?’ అని తప్ప మరో ప్రశ్న సులువుగా అడగలేడు. కాగితం ఆదా అయింది, పొలంలో పనిచేసే పరిశోధకుడికి శ్రమ తగ్గింది. దాంతోపాటు సమాధానం కూడా ‘అవును’, ‘కాదు’ అనే రెండు మాటలకు కుదించుకుపోయింది.

ఇద్దరూ ఒకే డేటాను వాడారు కాబట్టి ఈ మార్పు అంకెల్లోనే కనిపిస్తుంది. కుష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1905లో ప్రచురించిన నిద్రమందుల ప్రయోగం అది. అమెరికాలోని మిషిగన్‌లో జరిగింది. పది మంది రోగులకు రెండు మందులూ వేరువేరు రాత్రుల్లో ఇచ్చి, మామూలు కంటే ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో రాసుకున్నారు. మొదటి మందుతో సగటున 0.75 గంట పెరిగింది, రెండో దానితో 2.33 గంటలు. తేడా 1.58 గంటలు.

ఈ అంకెల మీద గాసెట్ 1908లో ఏమన్నారు? రెండో మందే మెరుగన్నదానికి సంభావ్యత 0.9985, అంటే పందెం సుమారు 666కు 1 అని రాశారు. ఇవాళ్టి కచ్చితత్వంతో చూస్తే ఆ వాక్యం కూడా సరికాదు. టెస్ట్ ఫలితం నుంచి నేరుగా ‘ఇది నిజమయ్యే అవకాశం ఇంత’ అని చెప్పడానికి లేదు. అయినా అందులో ఎంత బలమైన ఆధారమో తెలిపే కొలత ఉంది. ఫిషర్ 1925లో అవే అంకెలు తీసుకున్నారు. టీ విలువ 4.06 వచ్చింది. తొమ్మిది డిగ్రీల వరసలో 0.01 కింద ఉన్నది 3.250. అది దాటింది కనుక తేడా స్పష్టంగా సిగ్నిఫికెంట్ అన్నారు. 666 అనే కొలత పోయి ‘దాటింది’ అనే మాట మిగిలింది. నా దృష్టిలో తగాదా అంతా ఇక్కడే మొదలైంది.

అయితే ఫిషర్ ఆ ఉదాహరణను అక్కడితో వదల్లేదు. ఆయన తర్వాత చేసిన పని గురించి మన క్లాసుల్లో దాదాపు ఎవరూ చెప్పరు. అవే ఇరవై అంకెలను వేరువేరు మనుషుల నుంచి వచ్చిన రెండు గ్రూపులుగా భావిస్తే ఏమవుతుందో ఆయన లెక్కించి చూపించారు. టీ 1.86కు పడిపోయింది. పీ-వాల్యూ 0.1కీ 0.05కీ మధ్య ఎక్కడో ఉంది, సిగ్నిఫికెంట్ కాదు. చిన్న ప్రయోగాల్లో డిజైన్ విలువ ఎంతో దీన్నిబట్టి తెలుసుకోమన్నారు. మనిషికీ మనిషికీ నిద్రలో ఉండే సహజమైన తేడా చాలా ఎక్కువ. ఒకే మనిషి మీద రెండు మందులూ పరీక్షించి ఎవరి తేడా వారిలోనే చూసినప్పుడు ఆ గందరగోళం తొలగిపోతుంది. పెయిర్డ్ టీ-టెస్ట్ చేసేది అదే.

ఇవాళ ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా ఇది చూడవచ్చు. విడి గ్రూపులుగా తీసుకుంటే పీ-వాల్యూ 0.079. సగటుల తేడాకు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (ఈ డేటాకు పొసగే తేడాల హద్దులు) మైనస్ 0.21 గంట నుంచి 3.37 గంటల దాకా. పెయిర్డ్‌గా తీసుకుంటే పీ-వాల్యూ 0.003 లోపు, ఇంటర్వెల్ 0.70 నుంచి 2.46 గంటలు. తేడా రెండింటిలోనూ అదే 1.58. మొదటి లెక్క చూసి ‘మందుల మధ్య తేడా లేదు’ అని రాసినవాడు తప్పు రాసినట్టే. ఆ 0.079 చెప్పిందల్లా ఒకటే: నిజంగా తేడా లేకపోయినా, ఇంత లేదా ఇంతకు మించిన తేడా ఇలాంటి ప్రయోగాల్లో వందకు ఎనిమిదిసార్లు వచ్చి ఉండేది. తేడా సున్నా కావచ్చని అది ఒప్పుకుంటుంది. మూడు గంటలు కావచ్చని కూడా ఒప్పుకుంటుంది.

0.05 అన్న అంకెకు ఫిషర్ ఇచ్చిన కారణం సౌకర్యం. నార్మల్ పంపకంలో 1.96, అంటే దాదాపు రెండు స్టాండర్డ్ డీవియేషన్ల (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) దగ్గర ఇరవయ్యింట ఒకటి అనే హద్దు పడుతుంది, అది వాడుకోవడానికి వీలుగా ఉంటుందన్నారు. ఆయన దాన్ని శాసనం చేయలేదు. ఏ శాస్త్రవేత్తా ఏడాదికేడాది అన్ని పరిస్థితుల్లోనూ ఒకే హద్దు పట్టుకుని కూర్చోడని 1956లో ఆయనే రాశారు. గాసెట్ ఇంకా ముందే మరో దారిలో ఆలోచించారు. బీరు కంపెనీలో ఆయన ముందున్న ప్రశ్న డబ్బుది: ఈ ఫలితాన్ని నమ్మి ముందుకెళ్తే ఎంత లాభం, పొరబడితే ఎంత నష్టం? ఎంత సంభావ్యత సరిపోతుందన్నది దాన్నిబట్టే తేలాలని 1905 నాటికే గణాంకవేత్త కార్ల్ పియర్సన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పారు. ఆ ఆలోచన పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు. పట్టిక వచ్చింది.

1933లో గణాంకవేత్తలు నేమన్, ఈగాన్ పియర్సన్ రెండో రకం పొరపాటును, పవర్‌ను (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) సిద్ధాంతంలోకి తెచ్చారు. ఉన్న తేడాను పట్టుకోలేకపోయే ప్రమాదం ఎంత అన్నది వారి ప్రశ్న. ఫిషర్‌కు వారి పద్ధతి సుతరామూ నచ్చలేదు. తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలు రెండు పద్ధతులనూ కలిపేసి, రెండు పక్షాలూ ఒప్పుకోని ఒక విధానాన్ని విద్యార్థి చేతిలో పెట్టాయి.

మన దేశానికి ఇది పొలాల మీదుగా వచ్చింది. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1938 జనవరిలో అక్కడ జరిగిన మొదటి గణాంక మహాసభకు ఫిషరే అధ్యక్షుడు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్లిన మన గణాంకవేత్త సి.ఆర్. రావు 1948లో కేంబ్రిడ్జ్‌లో ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ చేశారు. గచ్చిబౌలిలో ఆయన పేరుతో రోడ్డు ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఆయన పేరుతో సంస్థ ఉంది. అంత దగ్గరి బంధుత్వం ఉన్నా, మన ల్యాబుల దాకా చేరింది మాత్రం ఫిషర్ ఆలోచనలోని సూక్ష్మం కాదు, ఆయన పట్టికలోని ఒక్క నిలువు వరస. పాన్సే, సుఖాత్మే వ్యవసాయ పరిశోధకుల కోసం రాసిన పుస్తకాన్ని 1954లో భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ప్రచురించింది. వ్యవసాయ థీసిస్‌ల గణాంకాలకు నేటికీ ఆధారాల్లో అదొకటి. దిగుబడి పట్టిక అడుగున వేసే ‘సీడీ 5 శాతం’ (క్రిటికల్ డిఫరెన్స్) అన్న అంకె, 0.05 కింది టీ విలువను తేడా తాలూకు స్టాండర్డ్ ఎర్రర్‌తో (ఆ తేడాలోని అనిశ్చితి కొలత) గుణించగా వచ్చేదే. అంటే 1925 నాటి గీతను హెక్టారుకు ఇన్ని కిలోలని రాసుకుంటున్నాం. మొత్తంమీద తేడాలు సిగ్నిఫికెంట్ కాకపోతే సీడీ వేయాల్సిన చోట ‘ఎన్ఎస్’ అని వేసి ఊరుకుంటారు. రేపు ఎవరైనా నాలుగు ప్రయోగాలను కలిపి చూడాలనుకుంటే ఆ ‘ఎన్ఎస్’ నుంచి ఏమీ తీయలేరు.

కంప్యూటర్లు వచ్చాక పట్టికతో పనిలేదు. ఎస్‌పీఎస్‌ఎస్, ఆర్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్లు, చివరికి ఎక్సెల్ కూడా పీ-వాల్యూను కచ్చితంగా ఇస్తాయి. 1908లో గాసెట్ ఇచ్చిన స్వేచ్ఛ తిరిగి వచ్చినట్టే. కానీ 0.079ని చూసి విద్యార్థి ఇప్పటికీ అడిగేది ‘దాటిందా?’ అనే. ఎస్‌పీఎస్‌ఎస్‌లో అయితే ఇంటర్వెల్ అదే అవుట్‌పుట్‌లో చివరి రెండు గడుల్లో ఉంటుంది, థీసిస్‌లోకి రాదు. రెండు గ్రూపుల చెదురు సమానంగా లేనప్పుడు వాడాల్సిన వెల్చ్ పద్ధతి 1947 నుంచీ ఉంది. ఎస్‌పీఎస్‌ఎస్ దాన్ని రెండో వరసలో చూపిస్తుంది, ఆర్ అడగకుండానే అదే చేస్తుంది. రెండు వరసల్లో ఏది తక్కువ పీ-వాల్యూ ఇస్తే అది ఎంచుకోవడం మాత్రం మోసమే. ఏది వాడాలో డేటా చూడకముందే నిర్ణయించుకోవాలి.

తగాదా మధ్యలో ఉన్న పీజీలకు పనికొచ్చే లెక్క ఒకటి చూద్దాం. రెండు బీపీ మందులు, గ్రూపుకు 15 మంది, స్టాండర్డ్ డీవియేషన్ 15. సగటుల తేడా 10 పాయింట్లు వచ్చింది. టీ 1.83, పీ-వాల్యూ సుమారు 0.08, ఇంటర్వెల్ మైనస్ 1 నుంచి 21 దాకా. మరో చోట గ్రూపుకు 2,000 మంది, స్టాండర్డ్ డీవియేషన్ అదే, తేడా ఒకే ఒక్క పాయింటు. టీ 2.11, పీ-వాల్యూ 0.035, ఇంటర్వెల్ 0.1 నుంచి 1.9 దాకా. గీత పద్ధతిలో మొదటి మందు ఓడింది, రెండోది గెలిచింది. రోగిని చూసే డాక్టరుకు ఒక్క పాయింటు తేడా దేనికీ పనికిరాదు. 10 పాయింట్లు నిజమైతే ఎంతో విలువైనది. మొదటి ప్రయోగం చెప్పిన నిజం ‘ఇంతమందితో తేల్చలేం’ అని.

ఇది కాలేజీ గొడవే కదా అనుకునేవారు 1990ని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాద్ చుట్టుపక్కల గ్రామాల్లో పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్-ఎ ఇచ్చి చూసిన ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి. మరణాల్లో సిగ్నిఫికెంట్ తేడా కనిపించలేదు. అదే ఏడాది తమిళనాడులో వారం వారం చిన్న మోతాదులో ఇచ్చిన మరో ప్రయోగం మరణాలు 54 శాతం తగ్గాయని చెప్పింది. మరణాలు టీ-టెస్ట్‌కు లొంగే అంకెలు కావు, అక్కడి లెక్క వేరు. చదివే తీరులో వచ్చే చిక్కు మాత్రం ఇదే. ‘ఒకటి పనిచేసింది, ఒకటి చేయలేదు’ అని చదివినవారు రెండు ఫలితాల ఇంటర్వెల్‌లను పక్కపక్కన పెట్టలేదు. 1993లో ప్రయోగాలన్నిటినీ కలిపి చూస్తే సగటున 23 శాతం తగ్గుదల కనిపించింది. 2013లో ఉత్తరప్రదేశ్‌లో సుమారు పది లక్షల మంది పిల్లల మీద చేసిన ప్రయోగం ప్రభావం అంతకంటే చాలా చిన్నదని చూపడంతో చర్చ మళ్లీ తెరుచుకుంది. ‘ఎంత తేడా’ అని అడగడం వల్లే ఆ చర్చ ముందుకు నడిచింది.

గీతను నిలబెట్టాలనే గైడ్‌లకూ తమ వాదన ఉంది. హద్దు లేకపోతే ప్రతివారూ తమకు నచ్చిన తేడాను గొప్పగా చూపిస్తారని, మందుకు అనుమతి ఇవ్వాలంటే ఎక్కడో ఒకచోట అవునో కాదో తేల్చాలని అంటారు. సరిగా వాడి సరిగా చదివితే పీ-వాల్యూలు పరిశోధనకు బలమేనని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ నియమించిన బృందం 2021లో చెప్పిన మాటను వారు ఎత్తిచూపుతారు. అదే అసోసియేషన్ 2016లోనే, శాస్త్రీయ నిర్ణయాలు పీ-వాల్యూ ఒక హద్దు దాటిందా లేదా అన్నదాని మీదే ఆధారపడకూడదని, పీ-వాల్యూ తేడా ఎంత పెద్దదో చెప్పదని ప్రకటించింది. 2019 మార్చిలో నేచర్ పత్రికలో వచ్చిన పిలుపుకు 800 మందికి పైగా శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టారు. ‘సిగ్నిఫికెంట్ కాదు’ అన్నదాన్ని ‘తేడా లేదు’గా చదవడం ఆపమన్నదే వారి మొదటి కోరిక. ఇక్కడ ఒక సంగతి గమనించాలి: 2021 బృందం కూడా ‘తేడా లేదు’ అని రాయమని ఎక్కడా చెప్పలేదు. హద్దు ఉండాలా వద్దా అన్నది నిజంగా పెద్దల మధ్య చర్చే. 0.08 చూసి తేడా లేదనడం మాత్రం ఏ పక్షానిదీ కాదు.

హైదరాబాద్ కాలేజీల్లో దీనికి కావాల్సిన సరంజామా ఇప్పటికే ఉంది. సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) ఎథిక్స్ కమిటీకి వెళ్లేటప్పుడు ప్రతి విద్యార్థీ శాంపిల్ సైజు లెక్క జతచేస్తాడు. ‘10 పాయింట్ల తేడాను 80 శాతం పవర్‌తో పట్టుకోవాలి’ అని అందులో రాస్తాడు. పై ఉదాహరణలో అందుకు గ్రూపుకు 36, 37 మంది కావాలి, 15 మంది చాలరు. వైద్యపరంగా ఏ తేడా ముఖ్యమో గైడూ విద్యార్థీ కలిసి ముందే ఒప్పుకున్న అంకె ఆ 10. ఫలితాల అధ్యాయానికి వచ్చేసరికి దాని ఊసే ఉండదు, 0.05 ఒక్కటే మిగులుతుంది. ‘తేడా 10, ఇంటర్వెల్ మైనస్ 1 నుంచి 21, మేం ముఖ్యమనుకున్న తేడా ఈ హద్దుల్లోనే ఉంది’ అని ఒక్క వాక్యం రాయనిస్తే విద్యార్థి అబద్ధం రాయక్కర్లేదు, గైడ్ తన గీతను వదులుకోనూ అక్కర్లేదు.