వెన్ను వంకర కన్నా ముందు ఊపిరి చూడాలి

పుట్టుకతోనే వెన్నుపూసలు, పక్కటెముకలు సరిగా ఏర్పడని పిల్లలకు ఊపిరి వ్యాయామాలు చేయించడం నా పని. ఈ లోపానికి ‘స్పాండిలోకాస్టల్ డిసోస్టోసిస్’ అన్న పేరు వినగానే తల్లిదండ్రులు సగం కుంగిపోతారు. మిగతా సగం చుట్టుపక్కల వాళ్ల మాటలకు.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు తల్లి బరువులెత్తింది, అందుకే ఇలా.

వాస్తవం: వెన్నుపూసలకు పునాది పడేది పిండానికి 3 నుంచి 5 వారాల వయసులో. గర్భమని చాలామందికి అప్పుడప్పుడే తెలుస్తుంది. డీఎల్ఎల్3, మెస్ప్2 లాంటి జన్యువుల్లో మార్పుంటే ఆ పునాది తేడాగా పడుతుంది. చాలా కుటుంబాల్లో ఆ మార్పు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ లోపం వచ్చే అవకాశం 25 శాతం. దయచేసి ఆ తల్లిని ఏమీ అనకండి.

అపోహ: వీలైనంత త్వరగా వెన్నుపూసలు అతికించి నిటారుగా చేయించేయాలి.

వాస్తవం: నాకు ఎక్కువ భయం ఈ మాటంటేనే. మరీ చిన్నప్పుడే అతికించేస్తే ఛాతీ ఎత్తు పెరగడం ఆగుతుంది, ఊపిరితిత్తులు పెరగడానికి చోటుండదు. అందుకే అవసరమైన పిల్లలకు, ఎదిగేకొద్దీ పొడవు పెంచగలిగే టైటానియం కడ్డీలు అమరుస్తారు. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు.

ఊపిరి ఎలా ఆడుతోందో నేను చూసేదిలా: బిడ్డ వెనక కూర్చుని, పక్కటెముకల కింది భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని, బొటనవేళ్లు వెన్నుకు చెరోపక్క ఆనిస్తాను. ఊపిరి పీల్చినప్పుడు రెండు వేళ్లూ సమానంగా పక్కకు జరగాలి. ఒక పాపకు ఎడమ వేలు జరిగింది, కుడి వేలు కదల్లేదు. ఎక్స్‌రేలో వంకర కొంచెమే, కానీ కుడివైపు నాలుగు పక్కటెముకలు అతుక్కుపోయి ఉన్నాయి.

ఇంట్లో మీరు చేయగలిగింది: బిడ్డ నిద్రపోతుండగా నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టి రాసుకోండి. లెక్క పెరుగుతూ పోతున్నా, పాలు తాగుతూ ఆయాసపడుతున్నా, బరువు పెరగకపోయినా, పొద్దున్నే తలనొప్పి అంటున్నా డాక్టరుకు చూపించడానికి ఆలస్యం చేయకండి.

అపోహ: తెలివితేటలు తక్కువగా ఉంటాయి.

వాస్తవం: సాధారణంగా మామూలుగానే ఉంటాయి. బడికి పంపండి.

అపోహ: ఎక్కువ కాలం బతకరు.

వాస్తవం: తీవ్రమైన రకంలో మొదటి నెలలు గండమే, దాచను. అది దాటి పెద్దై ఉద్యోగాలు చేస్తున్నవాళ్లూ ఉన్నారు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు మాత్రం మానొద్దు. చిన్న జలుబైనా ఈ ఛాతీకి పెద్ద పనే. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మెడ పొట్టిగా, బిగుసుకుని ఉందని మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.